చూపు పెరగనప్పుడు ఈ చుక్కలెందుకని అత్తమ్మ అడుగుతోంది

ఉరవకొండ నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందులో ముఖ్యమైనవి చెప్తాను.

ఆమె అత్తగారికి 64 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్ళ కిందట శుక్లాలేమో చూపించుకుందామని కంటి క్యాంపుకు వెళ్తే, కుడి కంట్లో ప్రెజర్ 28, ఎడమ కంట్లో 31 ఉందని, ఇది నీటికాసులని, అంటే గ్లాకోమా అని చెప్పి అనంతపురానికి పంపారు. అక్కడి డాక్టరు రాత్రిపూట రెండు కళ్ళలో ఒక్కో చుక్క వేయమని లాటనోప్రోస్ట్ రాశారు. ఈ ఏడాది మొదట్లో ప్రెజర్ ఇంకా తగ్గాలంటూ పొద్దున, సాయంత్రం వేసుకునే రెండో సీసా కూడా ఇచ్చారు. దాని మీద టిమోలాల్ అని ఉంది. ఆ తర్వాత కొన్ని వారాలకే అత్తగారికి రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. చిన్నప్పుడెప్పుడో ఉబ్బసం ఉండేదట. ఊళ్ళో డాక్టరు పీల్చే మందు ఇచ్చారు. కంటి చుక్కల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక ఇంట్లో గొడవ. "రెండేండ్ల నుంచి పోసుకుంటాండా, చూపు గోరంత కూడా పెరగల్యా, కండ్లు మండేది తప్ప" అని అత్తగారు చుక్కలు మానేస్తున్నారు. చెకప్‌కు పోయే రెండు రోజుల ముందు మాత్రం వేయించుకుంటారు. చుక్కలకు నెలకు దాదాపు వెయ్యి రూపాయలవుతోంది. భర్త వేరుశనగ మిల్లులో పనిచేస్తారు, ఈ విషయం ఎత్తితే "ఆడోళ్ళు ఆడోళ్ళు చూసుకోండి" అంటారు. ధర్మవరంలో ఉన్న ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా "మా అమ్మను పట్టించుకోవడం లేదు, పక్కింటామెకు ఆపరేషన్ చేస్తే అద్దంలా కనపడుతోంది, మా అమ్మకెందుకు చేయించరు" అని నిలదీస్తారు. పోయినసారి కళ్ళు ఎర్రగా ఉన్నాయని మెడికల్ షాపులో ఇంకో చుక్కల మందు కొనిచ్చి వెళ్ళారు. చివర్లో ఈమె రాసిన మాట: "మంచం పక్కన నీళ్ళ చెంబు పెడితే రోజూ తన్నేస్తుంది. నామీద కోపంతోనే తన్నుతోందని అనుకుంటున్నాను. నేను ఆమె కళ్ళు కాపాడాలా, నా మనసు కాపాడుకోవాలా?"

అమ్మా, ముందు ఆయాసం సంగతి మాట్లాడుకుందాం. అది వాయిదా వేసేది కాదు.

టిమోలాల్ కంట్లో వేసినా కంట్లోనే ఉండిపోదు. ముక్కు పక్కన, కంటి మూలలో కన్నీళ్ళు ముక్కులోకి దిగే సన్నటి దారి ఉంది. చుక్క అందులోంచి ముక్కులోకి దిగి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్ర మింగితే కాలేయం కొంత విరిచేస్తుంది. దీనికి ఆ అడ్డు కూడా లేదు. రక్తంలో కలిసిన టిమోలాల్ ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను బిగబట్టేలా చేయగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళకు, ఒకప్పుడు ఉండి పోయినవాళ్ళకు కూడా ఈ మందు ఇవ్వకూడదు. మీ అత్తగారి ఆయాసానికి ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చి చెప్పలేను. గుండె వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ చుక్క మొదలుపెట్టడం, ఆయాసం మొదలవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి కాబట్టి అనుమానించాల్సిందే. రేపటి దాకా ఆగకుండా కంటి డాక్టరుకు ఫోన్ చేసి మూడు ముక్కలు చెప్పండి: చిన్నప్పుడు ఉబ్బసం ఉంది, టిమోలాల్ మొదలయ్యాక ఆయాసం వస్తోంది, షుగరుకు, బీపీకి ఫలానా మాత్రలు వాడుతోంది. డాక్టరు దొరికేదాకా ఆ రెండో సీసా వేయకుండా ఉండటమే క్షేమం. రాత్రి చుక్కను మాత్రం ఆపొద్దు. మాట పెగలనంత ఆయాసం వస్తే కంటి డాక్టరు కోసం చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఈ సీసా చూపించండి.

బీపీ మాత్ర పేరు కూడా చూడండి. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివైతే అవి కూడా టిమోలాల్ జాతివే, రెండూ కలిస్తే గుండె వేగం మరీ పడిపోవచ్చు. షుగరు మందులు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. షుగరు ఒక్కసారిగా తగ్గితే గుండె దడ, వణుకు వచ్చి మనల్ని హెచ్చరిస్తాయి, టిమోలాల్ ఆ హెచ్చరికను మరుగుపరుస్తుంది. ఊళ్ళో డాక్టరుది తప్పు కాదు, కంటి డాక్టరుది కూడా కాదని అనుకుంటున్నాను. "ఏమేం మందులు వాడుతున్నారు" అంటే మన జనం మాత్రలే చెప్తారు, కంటి చుక్కను మందుల్లో లెక్కేయరు. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరకు పోయినా సీసాలతో సహా సంచీ పట్టుకొని పోండి.

ఇప్పుడు అత్తగారి ప్రశ్న. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న, రెండేళ్ళుగా ఆమెకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పినట్టు లేదు. ఈ చుక్కలు చూపును పెంచవు. పోయిన చూపును ఏ మందూ, ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. కంటి నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతింటుంది, ఆ నరం మళ్ళీ మొలవదు. ఉన్న చూపు ఉన్నట్టే నిలిచిందంటే మందు పనిచేసినట్టు. 2015లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధనలో, 516 మంది నీటికాసుల రోగుల్లో సగం మందికి లాటనోప్రోస్ట్, సగం మందికి మందు లేని ఉత్త చుక్కలు ఇచ్చి చూశారు. రెండేళ్ళలో ఉత్త చుక్కలు వేసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు 26 మందికి చూపు మేర, అంటే చుట్టూ ఎంత దాకా కనపడుతుందో అది, కుంచించుకుపోతే, మందు వేసుకున్నవాళ్ళలో దాదాపు 15 మందికి అలా జరిగింది. మందు వేసుకున్నా కొందరికి తగ్గింది, అది దాచక్కర్లేదు. కానీ ఆ తేడా చిన్నది కాదు.

చెంబు సంగతి చెప్తాను. నీటికాసులు ముందుగా పక్క చూపును తింటాయి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం, టీవీ, చేతిలో ఉన్న చీటీ బాగానే కనపడతాయి. పక్కనుంచో కిందనుంచో వచ్చేవి కనపడవు. చిత్రమేమిటంటే అక్కడ నల్లగా కూడా ఉండదు, మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల ఉన్నదానితో పూడ్చేస్తుంది. అందువల్ల మనిషికి తన చూపు పోయిందని తెలియదు. మీ అత్తగారికి ఎడమ కంట్లో ప్రెజర్ ఎక్కువ. మీరు చెంబు పెట్టేది మంచానికి ఎడమ పక్కనేమో గమనించండి. పక్కనుంచి పలకరిస్తే ఉలిక్కిపడుతున్నారా, గడప తట్టుకుంటున్నారా, అన్నం పళ్ళెంలో ఒక పక్కది వదిలేస్తున్నారా చూడండి. ఇవి ఉంటే ఆమె చెంబును తన్నడం కోపంతో కాదు, అది ఆమెకు కనపడటం లేదు. చెంబును తల దగ్గర కిటికీ మీద పెట్టండి. రాత్రి బాత్రూముకు పోయే దారిలో చిన్న లైటు వేసి ఉంచండి.

మందులు ఎలా పనిచేస్తాయో అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాలంటే మన చెరువుల లెక్కన చెప్పొచ్చు. కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి ముందు భాగంలో తిరుగుతూ దాన్ని పోషించే నీరు. వంక నుంచి చెరువులోకి నీళ్ళు వచ్చినట్టు ఊరుతుంది, తూములోంచి పోయినట్టు ఒక జల్లెడ లాంటి దారిలో బయటికి పోతుంది. కొంత నేలలోకి ఇంకినట్టు కండరాల సందుల్లోంచి ఇంకిపోతుంది. వచ్చేది, పోయేది సరిపోతే ప్రెజర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. తూము పూడితే నీరు పెరిగి నరం మీద ఒత్తిడి పడుతుంది. కొందరికి 18 ఉన్నా నరం తట్టుకోలేదు, కాబట్టి అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు.

లాటనోప్రోస్ట్ నీరు ఇంకే దారిని సడలిస్తుంది. ట్రావోప్రోస్ట్, బిమాటోప్రోస్ట్ అదే కోవలోవి. రోజుకు ఒక్క చుక్కతో ప్రెజర్‌ను పాతిక నుంచి ముప్పై శాతం దాకా దించగలవు. అందుకే చాలామందికి మొదట రాసేది ఇదే. దీనితో కళ్ళు ఎర్రబడొచ్చు, రెప్ప వెంట్రుకలు గుబురుగా పెరగొచ్చు, కంటి చుట్టూ చర్మం నల్లబడొచ్చు. చుట్టుపక్కలవాళ్ళు "కండ్ల కింద నల్లగా అయ్యిందే" అంటే కంగారు పడక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నిన్న మరిచారని ఇవాళ రెండు వేయకూడదు, రోజుకు ఒకసారి కంటే ఎక్కువ వేస్తే ఈ మందు పనితనం తగ్గుతుంది.

టిమోలాల్ వంక దగ్గరే నీళ్ళు తగ్గిస్తుంది. ఇది చవక, చాలా ఏళ్ళుగా వాడకంలో ఉన్నది, సరిపోయే మనిషికి మంచి మందు. మీ అత్తగారికి సరిపోకపోతే ఆ స్థానంలో పెట్టడానికి వేరేవి ఉన్నాయి. డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ కూడా ఊరే నీటిని తగ్గించేవే, కానీ ఊపిరితిత్తుల జోలికి పోవు. వేసిన కాసేపు మండుతాయి లేదా చూపు మసకగా ఉంటుంది, నోరు చేదెక్కుతుంది. గతంలో సల్ఫా మాత్రలు పడక ఒంటి మీద దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పాలి. బ్రిమోనిడిన్ ఊరడాన్ని తగ్గించి, ఇంకడాన్ని కొంత పెంచుతుంది. నోరు ఎండుతుంది, మత్తుగా ఉంటుంది, కొందరికి కొన్ని నెలల తర్వాత కళ్ళు ఎర్రబడి దురద పెడతాయి. రిపాసుడిల్, నెటార్సుడిల్ అని కొత్తగా వచ్చినవి ఉన్నాయి, ఇవి పూడిన తూము మీదే పనిచేస్తాయి, కళ్ళు ఎర్రబడటం ఎక్కువ. డయామాక్స్ మాత్రలు ప్రెజర్ బాగా పెరిగినప్పుడు కొన్నాళ్ళు వాడేవి, వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. వీటిలో ఏది అన్నది డాక్టరు నిర్ణయం. మీరు చూసుకోవాల్సింది ఇంకొకటి. రెండు మందులు కలిపిన సీసాల్లో చాలావాటిలో రెండోది టిమోలాలే ఉంటుంది. డబ్బా మీద ముందు పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, కింద చిన్నక్షరాల్లో మందు పేర్లుంటాయి. ఆ చిన్నక్షరాలు చదవండి. మెడికల్ షాపులో "ఇదీ అదే" అని మార్చి ఇచ్చినప్పుడు తప్పకుండా చదవండి.

మీ ఆడబిడ్డ కొనిచ్చిన ఎర్ర కళ్ళ చుక్క మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ లాంటి పేరు ఉందా చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, లోపల కొందరిలో ప్రెజర్ పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. చీటీ లేకుండా కొన్నది కాబట్టి దాన్ని వేయకండి, డాక్టరుకు చూపించండి. ప్రేమతో కొన్నదే, కానీ కన్ను తీసేంత హాని చేయగలది.

కళ్ళు మండుతున్నాయని అత్తగారు అంటే అది సాకు అనుకోవద్దు. చాలా సీసాల్లో మందు చెడిపోకుండా కలిపే రసాయనం కంటి పైపొరను ఎండబెడుతుంది. అది కలపని సీసాలు దొరుకుతాయి, ధర ఎక్కువ. లేదంటే కంటిని తడిగా ఉంచే చుక్కలు తోడుగా రాస్తారు. అడిగితే దారి ఉంటుంది, అడగకుండా మానేస్తే డాక్టరుకు తెలియదు. పైగా మీ అత్తగారు చెకప్‌కు రెండు రోజుల ముందు వేసుకొని పోతున్నారు కాబట్టి ప్రెజర్ బాగానే కనపడుతుంది. ప్రెజర్ బాగుంటే నరం ఎందుకు దెబ్బతింటోందో తెలియక డాక్టరు ఇంకో మందు కలుపుతారు. ఆ రెండో సీసా అలా వచ్చిందేమో కూడా ఆలోచించండి. మానేసిన మాట ఈసారి దాచకుండా చెప్పేయండి. నా దగ్గరకు వచ్చేవాళ్ళు ఈ మాట చెప్తే నాకు కోపం రాదు, మందు రాయడం సులువవుతుంది.

చుక్క వేసే తీరు మార్చినా సగం సమస్యలు తగ్గుతాయి. కూర్చోబెట్టి వేస్తే చెంప మీద పడుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చేతులు కడుక్కొని, కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది, అందులో ఒక్క చుక్క వదలండి. సీసా మూతి రెప్పకు తగలకూడదు. ఒక్కటే చాలు, రెండోది పట్టేంత చోటు కంట్లో ఉండదు. వెంటనే కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. ఇందాక చెప్పిన ఆ దారి మూసుకుపోయి మందు కంట్లోనే ఉంటుంది, ఒంట్లోకి తక్కువ పోతుంది, గొంతులో చేదు కూడా రాదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి.

లాటనోప్రోస్ట్ సీసాను మూత తీయనంతవరకు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. తీశాక బయట పెట్టొచ్చని రాసి ఉన్నా అది 25 డిగ్రీల లోపు మాట. అనంతపురం జిల్లా ఎండల్లో ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంచండి, గడ్డకట్టే పెట్టెలో కాదు. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి నాలుగు వారాలకు మార్చండి. రెండున్నర మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి, రెండు కళ్ళకు నెల నిక్షేపంగా వస్తుంది. పదిహేను రోజులకే అయిపోతోందంటే చెంప మీదికి పోతోంది. నెల దాటినా సగం మిగిలిందంటే వేయడం లేదు. నందివర్ధనం రసం, తేనె లాంటివి ఎవరు చెప్పినా కంట్లో పోయొద్దు.

ఖర్చు భారమైతే జన ఔషధి దుకాణంలో ఇవే మందు పేర్లు చెప్పి అడగండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అనంతపురం పెద్దాసుపత్రిలో కంటి విభాగం ఉంది.

ఆపరేషన్ మాట. మీ పక్కింటామెకు చేసింది బహుశా శుక్లాల ఆపరేషన్. మసకబారిన కటకం తీసి కొత్తది పెడతారు, అందుకే అద్దంలా కనపడుతుంది. మీ అత్తగారికి శుక్లం కూడా ఉంటే అది తీయిస్తే ఆ మేరకు చూపు మెరుగవుతుంది, కొందరిలో ప్రెజర్ కూడా కొంచెం దిగుతుంది. ఉందో లేదో అడగండి. నీటికాసులకు చేసేది వేరు. ట్రాబెక్యులెక్టమీ అంటారు, నీరు పోవడానికి కొత్త దారి చేస్తారు. ప్రెజర్ బాగా దిగుతుంది, చుక్కలు తగ్గొచ్చు, ఒక్కోసారి అక్కర్లేకపోవచ్చు. కానీ మొదటి వారాల్లో మాటిమాటికీ అనంతపురం తిరగాలి, ఆ దారి మూసుకుపోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా కన్ను ఎర్రబడి చీము పట్టే ప్రమాదం కొంత ఉంటుంది. చుక్కలతో, లేజర్‌తో ప్రెజర్ ఆగనప్పుడు దీనికి పోతారు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

చుక్కలకు, ఆపరేషన్‌కు మధ్యలో నీరు పోయే తూమును సడలించే ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ ఉంది. మీలాంటి ఇంటికి దీని గురించి గట్టిగా ఆలోచించమంటాను. కొన్ని నిమిషాల పని, కోత లేదు, అదే రోజు ఇంటికి రావచ్చు. 2019లో బ్రిటన్‌లో వెలువడిన లైట్ అనే పరిశోధనలో, కొత్తగా జబ్బు తేలినవాళ్ళకు చుక్కలకు ముందే ఈ లేజర్ చేస్తే, మూడేళ్ళ తర్వాత నలుగురిలో ముగ్గురికి చుక్కలు అక్కర్లేకపోయింది. మీ అత్తగారు ఇప్పటికే రెండు మందుల దాకా వచ్చారు కాబట్టి అంత ఆశ పెట్టుకోవద్దు, ఒక సీసా తగ్గినా లాభమే. కొన్నేళ్ళకు దాని ప్రభావం తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ చేయొచ్చు. కంటి కోణం, అంటే ఆ తూము ఉండే మూల, తెరుచుకొని ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. మూసుకుపోయే రకమైతే దానికి వేరే లేజర్ చేస్తారు. ఆ రకంలో ఎప్పుడైనా హఠాత్తుగా కన్ను భరించలేనంత నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడటం జరగొచ్చు. అప్పుడు గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. కాబట్టి కోణం ఏ రకమో ఈసారి చీటీ మీద రాయించుకోండి.

చివరగా మీ మనసు సంగతి. ఒక్కరి మీద ఇంత బరువు ఉండటం సరికాదు. పొద్దున సెంటరుకు పోయే హడావిడిలో మీరు, వేయించుకోనని మొండికేస్తూ ఆమె, ఇలా ఎక్కువ కాలం సాగదు. రెండో మందు మారి రాత్రి చుక్క ఒక్కటే మిగిలినా, రాత్రి అన్నాలయ్యాక ఆ చుక్క వేసే పని మీ ఆయనకు అప్పజెప్పమంటాను. కొడుకు వేస్తే ఆమె కాదనకపోవచ్చు, తల్లి ఏం చూడగలుగుతోందో ఆయనకూ తెలుస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే మీరే వేయాల్సి వస్తుంది, అప్పుడు పగటి చుక్కలు లేని చికిత్స కావాలని డాక్టరును నేరుగా అడగండి, లేజర్ మాట ఎత్తడానికి అదే సరైన కారణం. ఆడబిడ్డతో వాదించవద్దు. ఈసారి చెకప్‌కు ఆమెనే తల్లి వెంట రమ్మనండి. చూపు మేర పరీక్ష చేసిన కాగితంలో నల్లగా ఉన్న భాగం డాక్టరు చేతే ఆమెకు చూపించమనండి. ఇంకో కారణం కూడా ఉంది. తల్లికి నీటికాసులు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా బాగా ఎక్కువ. మీ ఆయన, మీ ఆడబిడ్డ ఇద్దరూ ప్రెజర్, కంటి నరం చూపించుకోవాలి, కళ్ళు బాగా కనపడుతున్నాయని మానకూడదు.

మందు మార్చాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ రమ్మంటారు. ప్రెజర్ ఎంతకు దిగాలని డాక్టరు అనుకుంటున్నారో ఆ అంకె అడగండి, ఆ రోజు ఎంత ఉందో దాని పక్కన రాసుకోండి. తేదీ ఇవ్వగానే మీ ఆయనకు, ధర్మవరానికి అదే రోజు ఫోన్ చేసి చెప్పండి, ముగ్గురూ కలిసి వెళ్ళేలా మిల్లులో సెలవు ముందే అడిగి ఉంచుకోమనండి.